ఒక్క రోజు ప్రయాణానికి ఎవరి నడక కొలత?

పిల్లలకు సెలవులు దగ్గరపడుతున్నకొద్దీ ఈ శీర్షికకు ఒకే తరహా ఉత్తరాలు వస్తుంటాయి. "మేము విశాఖపట్నంలో ఉంటాము. ఇంటిల్లిపాదీ ఉదయం బయలుదేరి రాత్రికి తిరిగి వచ్చేలా చుట్టుపక్కల ఏ ఊళ్లు చూడవచ్చు? ఒక్క రోజులో ఎన్ని చోట్లు చూడవచ్చు?" అని పాఠకులు అడుగుతుంటారు. మొదటి ప్రశ్నకు ఈ నెల వివరంగానే సమాధానం చెబుతాను. రెండవ ప్రశ్న విషయంలో మాత్రం ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. అదే ప్రశ్నతో ప్రయాణం మొదలుపెట్టి పొరబడినవారిలో నేనూ ఒకడిని.

రెండేళ్ల క్రితం డిసెంబరులో మా అమ్మను, నా భార్యను, ముగ్గురు పిల్లలను వెంటబెట్టుకొని అద్దె వాహనంలో అరకు బయలుదేరాను. అంతకు ముందు రాత్రి కూర్చొని జాబితా రాశాను. తాటిపూడి జలాశయం, బొర్రా గుహలు, అనంతగిరి కాఫీ తోటలు, అరకులోని గిరిజన మ్యూజియం, పద్మాపురం ఉద్యానవనం, ఆ పైన చాపరాయి. ఆరింటిలో అయిదు చూశాము. రాత్రి పదకొండు గంటలకు ఇల్లు చేరాము. డబ్బు వృథా కాలేదని, రోజు సద్వినియోగమైందని నాకు తృప్తిగా ఉండింది. సెల్‌ఫోనులో ఫోటోలు చూసుకుంటూ ఉండగా పదకొండేళ్ల మా పెద్దమ్మాయి వచ్చి పక్కన నిలబడింది.

"అబ్బూ, దాదీ పొద్దుటి నుంచి నీళ్లే తాగలేదు. తాగితే మాటిమాటికీ బండి ఆపమనాల్సి వస్తుందట" అన్నది.

అప్పుడు ఫోటోలను మళ్లీ మొదటి నుంచి చూశాను. వాటిలో ఎక్కడా మా అమ్మ లేదు. బొర్రా దగ్గర మెట్లు దిగలేక వాహనంలోనే కూర్చున్నది. కాఫీ తోట దగ్గర దారి ఏటవాలుగా ఉన్నదని దిగలేదు. ఒక చోట మరుగుదొడ్డికి తాళం వేసి ఉన్నది. ఇంకొక చోట అది ఆమె లోపల అడుగు పెట్టగలిగే స్థితిలో లేదు. ఆ తరువాత ఆమె ఇక అడగడం మానుకున్నది. మరునాటికి జ్వరం, మూత్రంలో మంట. వైద్యురాలు అడిగిన మొదటి ప్రశ్న నీళ్ల గురించే.

"పిల్లలు సంతోషించారు కదా, చాల్లే" అన్నది అమ్మ. నా భార్య మాత్రం ఆ రాత్రి నెమ్మదిగా ఒక మాట చెప్పింది. "అమ్మీ ఒక్కరే కాదు. ప్రయాణమంటే ఆడవాళ్లం అందరం ఇదే చేస్తాము. మీరెప్పుడూ అడగలేదు." పన్నెండేళ్ల కాపురంలో ఎన్ని ప్రయాణాలు చేశామో, ఎన్నిసార్లు ఆమె దాహాన్ని అణచుకున్నదో నాకు లెక్క తెలియదు.

అందువల్ల "ఒక్క రోజులో ఎన్ని చోట్లు చూడవచ్చు?" అనే ప్రశ్నను పక్కన పెట్టి, "మా ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారు ఎవరు? వారు ఎంతసేపు, ఎంత దూరం హాయిగా తిరగగలరు?" అనే ప్రశ్నతో ప్రణాళిక మొదలుపెట్టమని మనవి చేస్తున్నాను. ఆ వ్యక్తి ముసలి తల్లి కావచ్చు, గర్భిణి కావచ్చు, చంకలో బిడ్డ ఉన్న కోడలు కావచ్చు, మధుమేహంతో బాధపడే తండ్రి కావచ్చు. వారి నడకే కొలతగా పెట్టుకుంటే మిగిలినవారెవరికీ నష్టం ఉండదు. చురుకైనవారి నడకను కొలతగా పెట్టుకుంటే మాత్రం నష్టపోయేవారు నోరు విప్పి చెప్పరు.

లెక్కను వెనుక నుంచి వేయాలి

సాధారణంగా మనం బయలుదేరే గంటను ముందు నిర్ణయిస్తాము. తిరిగి వచ్చే గంటను అదృష్టానికి వదిలేస్తాము. ఒక్క రోజు ప్రయాణంలో దీనిని తలకిందులు చేయాలి. ఇల్లు చేరవలసిన సమయాన్ని ముందు రాసుకొని, అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ రావాలి.

ఉదాహరణకు డిసెంబరు మూడవ వారాన్ని తీసుకుందాము. విశాఖలో అప్పుడు సూర్యోదయం ఉదయం 6.20 ప్రాంతంలో, సూర్యాస్తమయం సాయంత్రం 5.25 ప్రాంతంలో జరుగుతాయి. అంటే పగలు పదకొండు గంటలే. జూన్‌లో సూర్యాస్తమయం 6.35 దాకా జరగదు గనుక పగలు రెండు గంటలకు పైగా ఎక్కువ. అరకు విశాఖకు రోడ్డు మార్గంలో సుమారు 115 కిలోమీటర్లు. మలుపుల ఘాట్ రోడ్డు, మధ్యలో ఆగడాలు కలుపుకొంటే ఒక వైపుకే మూడున్నర నుంచి నాలుగు గంటలు పడుతుంది. చీకటి పడకముందే కొండ దిగాలంటే మధ్యాహ్నం మూడింటికల్లా అరకు నుంచి బయలుదేరి తీరాలి. ఉదయం ఆరున్నరకు ఇల్లు వదిలినవారు పదిన్నరకు చేరుకుంటారు. ఇక చేతిలో మిగిలేది నాలుగున్నర గంటలు. అందులో భోజనానికి, జొహర్ నమాజుకు, విశ్రాంతికి గంటన్నర తీసివేస్తే మూడు గంటలే. ఆ మూడు గంటల్లో నేను ఆరు చోట్లను ఇరికించబోయాను! దారిలో బొర్రా గుహల దగ్గర ఆగితే ఈ లెక్క మరింత తగ్గిపోతుంది. కాబట్టి అరకు వెళ్లేవారు ఒక్క రోజులో బొర్రానో, అరకులోయనో ఏదో ఒకటి మాత్రమే ఎంచుకోవడం మేలు. రెండూ కావాలంటే ఒక రాత్రి అక్కడే బస చేయాలి.

కొండ దారిలో వాంతులయ్యే పిల్లలున్న ఇళ్లకు రైలు మంచిది. విశాఖ నుంచి ఉదయం పూట కిరండోల్ వైపు వెళ్లే రైలు కొత్తవలస వద్ద ప్రధాన మార్గం నుంచి విడిపోయి తూర్పు కనుమలు ఎక్కుతుంది. అసలు బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చడానికి 1960వ దశకంలో వేసిన మార్గమిది. యాభైకి పైగా సొరంగాల గుండా సాగే ఆ ప్రయాణమే పిల్లలకు సగం విహారం. రైల్లో మరుగుదొడ్డి ఉంటుంది గనుక పెద్దవారు నిశ్చింతగా నీళ్లు తాగవచ్చు.

నాలుగు దిక్కులు, నాలుగు రకాల రోజులు

అరకు పేరు అందరికీ తెలుసు. కానీ విశాఖ చుట్టూ అంతకన్నా దగ్గరగా, తక్కువ శ్రమతో చూడదగిన ఊళ్లు చాలా ఉన్నాయి. ఏ ఊరు ఏ ఇంటికి తగినదో చూద్దాము.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు, పసిపిల్లలు ఉన్న ఇంటికి భీమునిపట్నం. నగరం నుంచి సాగరతీరపు దారిలో సుమారు 25 కిలోమీటర్లు. సిటీ బస్సులు కూడా ఉన్నాయి. పూట సరిపోతుంది. 17వ శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ వర్తక స్థావరం ఏర్పరచుకున్నారు. వారి పాత సమాధుల తోట ఇప్పటికీ ఉన్నది. 1861లో ఏర్పడిన భీమునిపట్నం పురపాలక సంఘం దేశంలోని పాతవాటిలో ఒకటి. గోస్తనీ నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. బొర్రా గుహల మీదుగా ప్రవహించి వచ్చే నది ఇదే. గుహల మెట్లు దిగలేని పెద్దలకు ఆ నది చివరి మజిలీని ఒడ్డున కూర్చోబెట్టి చూపించవచ్చు.

భీమిలి దారిలోనే తొట్లకొండ ఉన్నది. రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ ఆరామాల శిథిలాలు అక్కడ తవ్వకాల్లో బయటపడ్డాయి. వాన నీటిని నిల్వ చేసుకోవడానికి రాతిలో తొలిచిన తొట్ల వల్లనే ఆ కొండకు ఆ పేరు వచ్చింది. పై వరకు వాహనం వెళుతుంది గనుక పెద్దవారికీ ఇబ్బంది లేదు. అక్కడికి కొద్ది దూరంలోని ఎర్రమట్టి దిబ్బలు మాత్రం వేరు. వేల సంవత్సరాల గాలి, వాన, సముద్రం కలిసి మలచిన ఆ దిబ్బలను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. కానీ లోపల నీడ ఉండదు, కాలు ఇసుకలో కూరుకుపోతుంది. పెద్దవారిని బయట నుంచే చూడనిచ్చి, పిల్లలను మరొకరితో లోపలికి పంపడం మంచిది. ఇక సముద్రం విషయం. విశాఖ నుంచి భీమిలి వరకు తీరమంతా ఒడ్డున ప్రశాంతంగా కనిపించినా లోపలికి లాగే ప్రవాహాలు బలంగా ఉంటాయి. పిల్లలను, ముఖ్యంగా యువకులను, పాదాలు తడిసే లోతుకు మించి దిగనివ్వకండి.

చదువుకొనే పిల్లలున్న ఇంటికి విజయనగరం. సుమారు 60 కిలోమీటర్లు. హౌరా–చెన్నై ప్రధాన రైలు మార్గంలో ఉన్నది గనుక రోజంతా రైళ్లుంటాయి. గంట, గంటన్నరలో చేరుకోవచ్చు. 1713లో కట్టడం మొదలైన కోట ఊరి నడిబొడ్డున ఉన్నది. ఇప్పుడు ఆ కోట గోడల మధ్య విద్యాసంస్థలు నడుస్తున్నాయి. మహాకవి గురజాడ అప్పారావు నివసించిన ఇంటిని స్మారకంగా కాపాడుతున్నారు. 1892లో 'కన్యాశుల్కం' తొలిసారి ప్రదర్శితమైంది ఈ ఊళ్లోనే. 1919లో స్థాపితమైన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. ఈ భాషలో చదువుకుంటున్న మన పిల్లలకు ఆ ఇల్లు, ఆ వీధి కంటితో చూపించడం పాఠ్యపుస్తకం చేయలేని పని. ఈ స్థలాలన్నీ దగ్గరదగ్గరగా ఉంటాయి, ఆటో సరిపోతుంది. ఒక జాగ్రత్త. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం జరిగే సిరిమానోత్సవానికి లక్షలాది జనం తరలి వస్తారు. ఆ రోజుల్లో రైళ్లు, బస్సులు, వీధులు కిక్కిరిసి ఉంటాయి. మరొక వారం ఎంచుకోండి.

చేతిపని మీద ఆసక్తి ఉన్న ఇంటికి ఏటికొప్పాక. విశాఖకు నైరుతి దిశలో సుమారు 65 కిలోమీటర్లు, వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. అంకుడు కర్రను చిత్రిక పట్టి, తిరుగుతుండగానే దానికి రంగు కలిపిన లక్కను అద్ది ఇక్కడ బొమ్మలు చేస్తారు. గింజలు, బెరడు, వేళ్లు, ఆకుల నుంచి తీసిన రంగులు వాడతారు గనుక పసిపిల్లలు నోట పెట్టుకున్నా హాని ఉండదన్న పేరు వీటికి ఉన్నది. 2017లో వీటికి భౌగోళిక గుర్తింపు లభించింది. బొంగరం తయారవడాన్ని పిల్లవాడు ఒక్కసారి కళ్లారా చూస్తే దాని వెనుక ఎంత శ్రమ ఉన్నదో అర్థమవుతుంది. బేరమాడే ముందు పెద్దలమూ ఆ శ్రమను ఒకసారి తలచుకోవాలి. ఆ దారిలోనే అనకాపల్లి బెల్లం మార్కెట్ ఉన్నది. దేశంలోనే పేరెన్నికగన్న బెల్లం విపణి అది. చెరకు ఆడే చలికాలంలో ఉదయం పూట వెళితే వరుసలు వరుసలుగా పేర్చిన బెల్లం దిమ్మలు, వాటిని పరీక్షించి ధర కట్టే వర్తకులు కనిపిస్తారు. అది పనిచేసే మార్కెట్ గనుక పక్కకు నిలబడి చూడాలి, పనివారి దారికి అడ్డం రాకూడదు.

కాస్త దూరమైనా ఫరవాలేదనుకొనేవారికి శ్రీకాకుళం. నూరు కిలోమీటర్లకు పైగానే ఉంటుంది. నాగావళి ఒడ్డున ఉన్న ఈ పట్టణం గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఉత్తర కోస్తా పాలనకు కేంద్రం. 17వ శతాబ్దంలో ఫౌజ్‌దారు షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఆ కాలానికి సాక్ష్యంగా నిలిచి ఉన్నది. జొహర్ నమాజు అక్కడ చేసుకొనేలా రోజును అమర్చుకుంటే చూడడమూ, విధి నిర్వర్తించడమూ ఒకేసారి జరుగుతాయి. రైలులో వెళ్లేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. శ్రీకాకుళం రోడ్ స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. అక్కడి నుంచి పట్టణానికి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు మళ్లీ ప్రయాణించాలి. అదే మార్గంలో అంతకు ముందే పొందూరు వస్తుంది. అక్కడి సన్న ఖాదీ ప్రసిద్ధమైనది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేసే పాత పద్ధతిని అక్కడి స్త్రీలు తరతరాలుగా కాపాడుతూ వచ్చారు. శ్రీకాకుళం, పొందూరు రెండింటినీ ఒక రోజులో కలపవచ్చు. మూడవదాన్ని మాత్రం చేర్చకండి.

నమాజు వేళలు ప్రయాణానికి అడ్డంకులు కావు

కొందరు సోదరులు "తిరుగుతూ ఉంటే నమాజులు తప్పిపోతున్నాయి" అని బాధపడుతూ రాస్తారు. నా అనుభవంలో నమాజు వేళలే మంచి ప్రణాళికకు పునాది. మన ప్రాంతంలో ఏడాది పొడవునా జొహర్ వేళ పన్నెండు గంటల ప్రాంతంలోనే ప్రవేశిస్తుంది. కాబట్టి పన్నెండున్నర నుంచి రెండు వరకు ఒకే చోట ఉండేలా చూసుకుంటే నమాజు, భోజనం, పెద్దవారి విశ్రాంతి మూడూ అక్కడే తీరుతాయి. చలికాలంలో అస్ర్, మగ్రిబ్ రెండూ దాదాపుగా తిరుగు ప్రయాణంలోనే పడతాయి. ఎక్కడ ఆగాలో డ్రైవరుకు ఉదయమే చెప్పాలి. చివరి నిమిషంలో బండి ఆపమంటే అతనికీ చిరాకు, మనకూ తొందర.

ప్రయాణికునికి నమాజులో లభించే సడలింపు విషయంలో హనఫీ పండితులు సాధారణంగా సుమారు 78 కిలోమీటర్ల దూరాన్ని ప్రమాణంగా చెబుతారు. ఆ లెక్కన భీమిలి, విజయనగరం, ఏటికొప్పాక ఆ దూరంలోపలివే. అరకు, శ్రీకాకుళం దానిని దాటినవి. ఇతర అభిప్రాయాలు కూడా ఉన్నాయి గనుక బయలుదేరే ముందు మీరు అనుసరించే ఆలింను అడిగి తెలుసుకోండి. శుక్రవారం వెళ్లేవారు జుమా జరిగే మసీదును, సమయాన్ని ముందే విచారించుకోవాలి.

మన స్త్రీల సంగతి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. పురుషులకు ఏ ఊళ్లోనైనా మసీదు ఉంటుంది, వుజూకు నీళ్లుంటాయి. స్త్రీలకు వేరుగా వుజూ, నమాజు వసతి ఉన్న మసీదులు చిన్న ఊళ్లలో అరుదు. "మీరు బండిలో ఉండండి, మేము నమాజు చేసుకొని వస్తాము" అని చెప్పి వెళ్లిపోవడం ఎంత అన్యాయమో మనం ఆలోచించము. వారికి కూడా చోటు చూడడం ఇంటి పెద్ద బాధ్యత. తెలిసినవారి ఇల్లో, గంట రెండు గంటలకు అద్దెకిచ్చే శుభ్రమైన గదో, కుటుంబాలకు వేరుగా కూర్చునే వసతి ఉన్న భోజనశాలో ముందే మాట్లాడుకోవాలి. ఒక్క ఫోను చేస్తే సరిపోయే పని అది.

మరుగుదొడ్డి పటం

ఇది వినడానికి చిన్న విషయం. నా మటుకు ఈ వ్యాసంలోని ముఖ్యమైన విషయం ఇదే. ఎక్కడ ఏమి చూడాలో రాసుకున్నట్లే, ఎక్కడెక్కడ శుభ్రమైన మరుగుదొడ్డి ఉంటుందో కూడా రాసుకోవాలి. గంటన్నరకు ఒకటి చొప్పున ఉండాలి. రైల్వే స్టేషన్లలోని విశ్రాంతి గదులు, బస్ స్టేషన్లు, జాతీయ రహదారిపై పెద్ద పెట్రోలు బంకులు, కుటుంబాలు ఎక్కువగా వచ్చే భోజనశాలలు మొదట చూడదగినవి. ఇంటి పెద్ద ముందుగా దిగి, నీళ్లున్నాయో లేదో, గడియ సరిగా పడుతుందో లేదో కనుక్కొని రావాలి. మరొక ముఖ్యమైన సంగతి. "ఎవరైనా వెళ్లాలా?" అని అడగకూడదు. అడిగితే మా అమ్మలాంటివారు "అక్కరలేదు" అనే అంటారు. "ఇక్కడ పావుగంట ఆగుతున్నాము" అని చెప్పి అందరూ దిగాలి. అప్పుడు ఎవరూ ఎవరి కోసమో ఆగినట్లు ఉండదు, ఎవరూ సిగ్గుపడనక్కరలేదు.

మిగిలిన సామగ్రి సులభమే. మనిషికి కనీసం లీటరున్నర నీళ్లు, వుజూకు వేరుగా ఒక డబ్బా, ఒక చెంబు, సబ్బు, జానమాజులు, పెద్దవారి మందులు ఆ రోజువి కాక మరొక రోజుకు సరిపడా, మధుమేహం ఉన్నవారికి చేతికందేలా బిస్కెట్లో ఖర్జూరాలో. హలాల్ భోజనం విషయంలో అనుమానం ఉన్న చోట ఇంటి నుంచే పులిహోరో, రొట్టెలు గుడ్ల కూరో తీసుకువెళ్లడం అన్ని విధాలా క్షేమం, ఖర్చూ తక్కువ.

ఖర్చు, వాతావరణం

అద్దె వాహనమే కావాలన్న నియమం లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో 'స్త్రీ శక్తి' పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో రాష్ట్రానికి చెందిన స్త్రీలకు ప్రయాణం ఉచితం. గుర్తింపు కార్డు తప్పనిసరిగా వెంట ఉండాలి. నలుగురు స్త్రీలున్న ఇంటికి భీమిలి ప్రయాణం దాదాపు భోజనం ఖర్చుతోనే ముగుస్తుంది. డబ్బు లేక పిల్లలను ఎక్కడికీ తీసుకువెళ్లలేకపోతున్నామని బాధపడే సోదరీమణులు ఈ మాటను గమనించాలి. అప్పు చేసి అరకు వెళ్లనక్కరలేదు.

ఏప్రిల్ నుంచి జూన్ వరకు మధ్యాహ్నపు ఎండలో పెద్దలను తిప్పవద్దు. ఆ నెలల్లో ఉదయపు పూట ప్రయాణాలే మేలు. వానాకాలంలో ఘాట్ రోడ్లపై కొండచరియలు విరిగిపడవచ్చు. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్‌ను విశాఖవాసులు మరచిపోలేదు. వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్నప్పుడు టికెట్ల డబ్బు పోతుందని మొండికి పోవద్దు. ప్రయాణం వాయిదా పడితే పోయేది ఒక రోజే.

అమ్మ నిర్ణయించిన ప్రయాణం

అరకు నుంచి వచ్చిన ఏడాది తరువాత మళ్లీ సెలవులు వచ్చాయి. ఈసారి జాబితా రాయకుండా అమ్మను అడిగాను. "ఎక్కడికి వెళదాము?" మొదట "మీ ఇష్టం" అన్నది. రెండవసారి అడిగితే కాసేపు ఆగి, "ఇజీనారం చూసి ఇరవై ఏళ్లయింది" అన్నది. అమ్మ పుట్టి పెరిగిన ఊరు అది. మా ఇంటికి అరవై కిలోమీటర్లు! నేను పిల్లలకు కొండలు, గుహలు చూపించడానికి పరుగులు తీస్తుండగా, ఆమె గంటన్నర దూరంలో ఉన్న తన ఊరి మాట ఎత్తకుండా ఇరవై ఏళ్లు ఊరుకున్నది.

గంటలన్నీ ఆమే నిర్ణయించింది. ఎనిమిది గంటల ప్రాంతపు రైలు, అయిదింటికల్లా ఇల్లు. చూడవలసినవి రెండే: కోట, తన వీధి. కోట ముందు ఆటో దిగి పావుగంట నిలబడ్డాము. తరువాత ఆమె చెప్పిన సందుల వెంట ఆటో తిప్పుకుంటూ వెళ్లాము. అమ్మ పుట్టిన ఇల్లు లేదు. అక్కడ మూడంతస్తుల భవనం ఉన్నది. అమ్మ దానిని కాసేపు చూసి తల తిప్పుకున్నది. ఎదురింటి అరుగు మీద కూర్చున్న ఒక వృద్ధురాలు మమ్మల్ని గమనిస్తూ, ఎవరి తాలూకు అని అడిగింది.

"మా నాన్న ఇక్కడ గడియారాలు బాగుచేసేవారు" అన్నది అమ్మ.

"గడియారాల సాయిబుగారి పెద్దమ్మాయివేటి నువ్వు?" అంటూ ఆ పెద్దావిడ లేచి వచ్చి అమ్మ చేయి పట్టుకున్నది.

మమ్మల్నందరినీ లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. తమ ముత్తాత గడియారాలు బాగుచేసేవాడన్న సంగతి మా పిల్లలకు ఆ రోజు దాకా తెలియదు. మా అబ్బాయి ఆయన దుకాణం ఎక్కడ ఉండేది, కోట గడియారం కూడా బాగుచేశాడా అంటూ ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాడు. ఇద్దరు వృద్ధురాళ్లూ ఒకరి మాటను మరొకరు దిద్దుకుంటూ సమాధానాలు చెప్పారు. జొహర్ వేళ అయినప్పుడు ఆ ఇంటివారే పెరట్లో నీళ్లు చూపించి, లోపలి గదిలో శుభ్రమైన దుప్పటి పరిచారు. అమ్మ, నా భార్య, పెద్దమ్మాయి అక్కడే నమాజు చేసుకున్నారు. మంచినీళ్లు ఇస్తే అమ్మ రెండు గ్లాసులు తాగడం నేను చూశాను. మా పెద్దమ్మాయి కూడా చూసి నా వైపు తిరిగింది.

ఆ రోజు మేము గురజాడ ఇల్లు చూడలేదు. సమయం సరిపోలేదు. మరొకసారి వెళతాము, ఇన్షా అల్లాహ్. దగ్గరి ఊరికి వెళ్లడంలో ఉన్న సౌలభ్యమే అది. మిగిలిపోయినదాని కోసం మళ్లీ వెళ్లవచ్చు. మన పెద్దలకు మాత్రం సెలవులు ఎన్ని మిగిలి ఉన్నాయో అల్లాహ్‌కే తెలుసు.

కాబట్టి ఈ సెలవుల్లో ప్రయాణం తలపెట్టినవారు పటం తెరవడానికి ముందు ఇంట్లోని పెద్దవారి పక్కన కాసేపు కూర్చోండి. ఎక్కడికి వెళ్లాలని ఉందో అడగండి. "మీ ఇష్టం" అంటే అక్కడితో ఊరుకోకుండా రెండవసారి కూడా అడగండి. ఆ తరువాత తిరిగి వచ్చే గంట, ఆగే చోట్లు, నీళ్ల డబ్బా, ఈ వరుసలో రాసుకోండి. చూడవలసిన స్థలాల పేర్లు చివర రాసుకోవచ్చు. అవి ఒకటి రెండుకు మించకుండా చూసుకోండి.